పత్యం పేరిట పస్తులా?

మా తాతకి 74 ఏళ్లు. కిందటేడు పెద్దపేగులో గడ్డకి ఆపరేషన్ చేశారు. ముందురోజు రాత్రినుంచి మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదు. ఉదయమన్నది సాయంత్రమయింది. ఆ తర్వాత ఐదురోజులు సెలైన్ సీసాలే. ఆయన లేవబోతే చూడొచ్చినవాళ్లు, "లెగకు మావా, కుట్లు ఊడిపోతాయి!" అన్నారు. సైన్సు చదువుతున్న నేనూ భుజాలు పట్టి పడుకోబెట్టాను. గడ్డ పోయింది, దాంతోపాటే కళ్ళందాకా నడిచే సత్తువా పోయింది.

ఇది ఒక్క మా ఇంటి కథేనా? పత్యమంటే పస్తు, విశ్రాంతంటే మంచం అన్న నమ్మకం మన పల్లెల్లో పాతుకుపోయింది.

డెన్మార్కు సర్జన్ హెన్రిక్ కెలెట్ ఈ అలవాటును ప్రశ్నించారు. పెద్దపేగు ఆపరేషన్ అయిన వృద్ధులకు నొప్పి బాగా తగ్గించి, త్వరగా తినిపించి, నడిపిస్తే త్వరగా కోలుకుంటారని ఆయన బృందం 1995లో చూపింది. 2001లో యూరప్ సర్జన్లు కలిసి ఈ పద్ధతికి 'ఈరాస్' అని పేరు పెట్టారు.

ఇందులో మంత్రమేమీ లేదు. అన్నం ఆరుగంటల ముందు ఆపినా, మంచినీళ్లు రెండుగంటల ముందువరకూ తాగవచ్చు. అవి కడుపులో అంతసేపు నిలవవు. మత్తుమందులు తగ్గిస్తే పేగు త్వరగా కదులుతుంది. గొట్టాలు త్వరగా తీసి, ఆరోజే మంచంమీద కూర్చోబెట్టి, మర్నాడు నడిపిస్తారు. ముసలితనంలో మంచాన గడిపిన ప్రతిరోజూ కండ కరుగుతుంది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరే ప్రమాదమూ పెరుగుతుంది. పేగు మూసుకుపోయినవారి సంగతి వేరు. అది డాక్టరే తేల్చాలి.

నారు తీసేముందు మడికి నీరు పెట్టని రైతున్నాడా? ఎండిన మడిలో పీకితే వేళ్లు తెగుతాయని మనకు తెలుసు. మరి మనిషిని ఎండగట్టి కత్తికి అప్పగించడం ఏం న్యాయం?

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. పేదవాడికి ఆపరేషన్ అందింది. ఇక కోలుకోవడమూ అందాలి. దీనికి కావలసింది కొత్త యంత్రాలకంటే ముందు తగినంతమంది నర్సులు, నడిపించే ఫిజియోథెరపిస్టులు, ఇంటివాళ్లకు ముందుగానే విడమరచి చెప్పే ఓపిక.

విద్యార్థి మిత్రులారా! రేపు మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషనంటే డాక్టరుగారిని రెండు మాటలడగండి: "ఎప్పటిదాకా నీళ్లివ్వొచ్చు? ఎప్పుడు నడిపించాలి?" నేను అడగలేదు. ఆనాడు మా తాతను పట్టి పడుకోబెట్టిన చేతులతోనే ఇప్పుడు రోజూ నడిపిస్తున్నాను.