ఎండిన నదిలో గోతులు

కరువు వస్తుందని ఆహాబు రాజుకు ప్రకటించిన ఏలీయా ప్రవక్త, దేవుని మాట చొప్పున కెరీతు వాగు దగ్గర దాగాడు. కాకులు రొట్టె, మాంసం తెచ్చేవి, వాగు నీళ్లిచ్చేది. కొంతకాలానికి ఆ వాగూ ఎండిపోయింది. కరువును ప్రకటించిన వానికే నీళ్లు కరువయ్యాయి! దేశంలో వర్షం లేదు గనుక వాగు ఎండిందని బైబిలు సూటిగా చెబుతుంది.

కోడుమూరు విశ్వాసులకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. వారి ఊరి పక్కన హంద్రీ నది ఏడాదిలో చాలాకాలం ఇసుకే. ఎగువన గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది గాని, వాన లేని ఏడు అక్కడ ఆపడానికీ నీళ్లుండవు. దిగువన కర్నూలులో మరో దృశ్యం. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కె.సి. కెనాల్ అక్కడ అక్విడెక్టు మీదుగా హంద్రీని దాటుతుంది. పైన తుంగభద్ర నీళ్లు, కింద ఎండిన నది! వేసవిలో చూసినవారికి ఈ నదికి ఇంత పెద్ద కట్టడమెందుకనిపిస్తుంది. 2009 అక్టోబరు 2న జవాబు దొరికింది. తుంగభద్ర, హంద్రీ కలిసి పోటెత్తి కర్నూలును ముంచేశాయి. ఎండినంత మాత్రాన నది తన చోటును ఎవరికీ రాసివ్వలేదు. ఆనాటి ఇంజినీర్లకు తెలిసిన ఈ సంగతి, నదిలోకి గోడలు జరుపుకున్న మనకు తెలియలేదు.

ఏలీయా శిష్యుడు ఎలీషా కాలంలో ముగ్గురు రాజుల సైన్యం నీళ్లులేక అల్లాడింది. ఎండిన లోయ నిండా గోతులు తవ్వమన్నాడు ఎలీషా. గాలి లేదు, వాన కనబడలేదు, అయినా తెల్లవారేసరికి ఎదోము వైపు నుంచి నీళ్లొచ్చి లోయ నిండింది. మనమూ హంద్రీలో గోతులు తవ్వుతున్నాం, ఇసుక కోసం! వచ్చిన కాసిని నీళ్లను పట్టి ఉంచి, ఒడ్డున బావులకు ఊటనిచ్చేది ఆ ఇసుకే. వంతెన స్తంభాల పునాదులను కప్పి కాపాడేదీ అదే. 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. రాత్రి ట్రాక్టర్లు మాత్రం ఆగలేదు.

వాన కోసం ఉపవాస ప్రార్థనలు పెడుతున్నాం, మంచిదే. కాని మందిర నిర్మాణానికి ఎవరైనా నాలుగు ట్రాక్టర్ల ఇసుక కానుకగా ఇస్తే, అది ఎక్కడిదని అడిగిన సంఘపెద్దలెందరు? దొంగ సొమ్ము చందాగా ఇస్తే పుచ్చుకుంటామా? ఈ ఏడు పునాది తీసే సంఘాలు ఇసుక దించుకునే ముందు ట్రాక్టరు డ్రైవరును రసీదు చూపించమనాలి. లేదంటే బండిని వెనక్కి పంపాలి.