మనమా? మేమా?

ఎన్నికలొచ్చాయంటే మా వీధిలోకి మైకు బండి రావాల్సిందే. "అక్కలారా, చెల్లెళ్ళారా, ఆడపడుచులారా" అని ఒకటే పిలుపు. ఇంట్లో మగవాళ్ళు ఇంత ప్రేమగా ఎప్పుడు పిలిచారు గనక అనుకుంటూ, పోపు మాడకుండా స్టవ్ తగ్గించి మరీ వింటాను. ఓట్ల కోసం పిలిచే పిలుపులే కానీ, అవి ఊరికే పోవు సుమండీ. మన ఇళ్ళల్లోకొచ్చి పీట వేసుకు కూర్చుంటాయి.

మాది తెనాలి పక్క పల్లెటూరు. 1982లో ఎన్టీ రామారావుగారు పార్టీ పెట్టి వ్యాను మీద ఊరూరా తిరిగినప్పుడు నేను చంటిపిల్లని. "తెలుగింటి ఆడపడుచు అంటుంటే పుట్టింటి అన్నయ్య పిలిచినట్టుండేదే" అని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అంతవరకూ నువ్వెవరివంటే మా అమ్మ ఊరి పేరో, ఇంటిపేరో చెప్పేది. "తెలుగుదాన్ని" అనుకోవడం అప్పుడే మొదలట.

ఆ పిలుపు ఉత్త మాటగా పోలేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. 1985 సెప్టెంబరు నుంచి అమలు. దేశమంతటికీ అలాంటి చట్టం వచ్చింది 2005లో. అయితే అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకి మన చట్టం వర్తించలేదు. మా అమ్మకి పిలుపు దక్కింది, పొలం దక్కలేదు!

ఆ రోజుల్లో మారుమోగిన ఇంకో మాట "తెలుగువారి ఆత్మగౌరవం". ఆ 1982లోనే బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యగారికి రాజీవ్ గాంధీ వల్ల అవమానం జరిగిందని జనం బాధపడ్డారు. అంజయ్యగారు తెలంగాణ బిడ్డ. ఆయనకి జరిగింది మొత్తం తెలుగువాళ్ళకి జరిగినట్టు చెప్పింది కృష్ణా జిల్లా రామారావుగారు. చూశారా, ఒక్క మాట ఎంతమందిని ఒక పందిట్లోకి తెచ్చిందో!

మళ్ళీ అదే "ఆత్మగౌరవం" తర్వాత తెలంగాణ ఉద్యమంలో వినపడింది. పందిరి మాత్రం వేరు.

అప్పటికి మేము హైదరాబాదులో కాపురం. పక్కింటి అక్కది జనగామ వైపు. మా గోంగూర పచ్చడి గోడ దాటి వెళ్ళేది, వాళ్ళ సకినాలు ఇటొచ్చేవి. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. బళ్ళు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. మా గోడ మీద గిన్నెలూ ఆగిపోయాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. మాటలు మాత్రం తగ్గాయి.

ఒకరోజు మా చిన్నది టీవీ ముందు నుంచి లేచొచ్చి "అమ్మా, మనం సెటిలర్లమా?" అంది. ఆ పిల్ల పుట్టింది ఈ ఊళ్ళోనే. నాకు గుండెలో కలుక్కుమంది. ఉండబట్టలేక అక్క దగ్గరికెళ్ళి, "మేమేం చేశాం అక్కా?" అన్నాను.

అక్క నా వంక చూసి, "నా మాట సినిమాల రౌడీ మాట లెక్కుంటదని నువ్వే నవ్వినవ్ గద చెల్లె. యాదికుందా?" అంది.

నిజమే. సరదాకి అన్నాననుకున్నాను. తెలంగాణ యాసని రౌడీలకీ, హాస్యగాళ్ళకీ పెట్టి తీసిన సినిమాలు చూసి నవ్వినదాన్నే నేను. "తెలుగువాళ్ళం" అని నేనన్నప్పుడల్లా అందులో తన తెలుగుకి చోటు లేదని అక్కకి తెలుసు. నాకే తెలీలేదు. ఉద్యోగాలూ, నీళ్ళూ పెద్ద సంగతులే, 1969 నుంచీ ఉన్నవే. ఆడవాళ్ళం మనకి మాత్రం మాటే ముందు తగులుతుంది. ఆ పూట "తప్పయిపోయింది అక్కా" అన్నాను. అక్క టీ పెట్టింది.

ఇంగ్లీషులో "వీ", హిందీలో "హమ్" ఒక్కటే మాట. మన తెలుగులో రెండున్నాయి. ఎదుటివాళ్ళని కలుపుకుంటే "మనం", పక్కన పెడితే "మేము". ఆ రోజు అక్క ముందు నా నోట వచ్చింది "మేము". అదెప్పుడు మారిందో నాకే తెలీదు.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చింది. తెలుగు మాట్లాడే రాష్ట్రాలు రెండయ్యాయి. మా గోడ అక్కడే ఉంది, గిన్నెలు మళ్ళీ దాటుతున్నాయి. సంక్రాంతికి అక్క పక్కన కూర్చుని సకినాలు చుట్టడం నేర్చుకున్నాను. నావి ఇంకా వంకరే!

నేతలు "మన జాతి, మన భాష, మన దేశం" అన్నప్పుడు పొంగిపోవడం తప్పేం కాదు. కాకపోతే బియ్యంలో రాళ్ళేరినట్టు ఆ మాటనీ ఒకసారి చూసుకోవాలి. ఆ "మనం"లో ఎవరున్నారు? గుమ్మం బయట ఎవరిని నిలబెట్టారు? అది పిల్లలకి బడిలో చెప్పరు, మనమే చెప్పుకోవాలి. ఏమంటారు?