ప్యాసింజర్ బండి ఎప్పుడు వార్త అవుతుంది?

వందేభారత్ మొదలైన రోజు పత్రికల్లో దాని టైమింగులు, చార్జీ, ఆగే స్టేషన్లు, ఆఖరికి లోపల పెట్టే టిఫిన్ వివరాలు కూడా వస్తాయి. 2023 జనవరి 15న సికింద్రాబాద్–విశాఖ బండికి జెండా ఊపినప్పుడూ అంతే. తప్పేం లేదు, కొత్త బండి వార్తే. మరి పాత బండి సంగతి? కరోనా తర్వాత పాత ప్యాసింజర్లను ‘స్పెషల్’ పేరుతో పట్టాలెక్కించి, 10 రూపాయల కనీస చార్జీని 30 చేశారు. అది మళ్లీ 10కి దిగింది 2024 ఫిబ్రవరిలో. పక్క ఊరి కాలేజీకో మార్కెట్టుకో వెళ్లేవాళ్లు అన్నాళ్లూ మూడింతలు కట్టారు. పెంచినప్పుడు, తగ్గించినప్పుడు వార్త సరే, మధ్యలో గడిచిన ఏళ్లకు దక్కిన చోటెంత? బండి మొదలవ్వాలి, లేదా గుద్దుకోవాలి. ఊరికే నడిస్తే మన లెక్కలో వార్త కాదు.

గుద్దుకున్నా అందరికీ ఒకే న్యాయం జరగదు. 2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ–పలాస ప్యాసింజర్‌ను రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి ఢీకొట్టింది. పది మందికి పైగా చనిపోయారు. కొన్ని నెలలకు రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, ఢీకొట్టిన బండి లోకోపైలట్లిద్దరూ ఫోన్లో క్రికెట్ చూస్తూ బండి నడిపారన్నారు. ఆ మాట దేశమంతా మోగిపోయింది. కాదనడానికి ఆ ఇద్దరూ లేరు, ప్రమాదంలోనే పోయారు. అది నిజం కాదని తర్వాత విచారణలో తేలినప్పుడు మాత్రం అంత మోత లేదు. సరిగా పనిచేయని ఆటో సిగ్నళ్లు, వాటిని దాటేటప్పుడు పాటించాల్సిన నిబంధనలు అసలు విషయం. క్రికెట్ కుదిరినట్టు ఆటో సిగ్నల్ హెడ్డింగుకు కుదరదు మరి.

పట్టాలు దాటుతూ ఏటా దాదాపు 15,000 మంది చనిపోతున్నారని, అందులో 6,000 మంది ముంబై లోకల్ మార్గాల్లోనేనని 2012లో కాకోద్కర్ కమిటీ చెప్పింది. ఒక్కొక్కరుగా పోయేవాళ్లకు మన దగ్గర ఖాయమైన మూస ఒకటుంది: ‘రైలు ఢీకొని గుర్తు తెలియని వ్యక్తి మృతి’, కింద వయసు సుమారు 40, నీలం గళ్ల చొక్కా. అక్కడ ఫుట్ ఓవర్‌బ్రిడ్జి ఉందా, జనం పట్టాల మీదుగా ఎందుకు నడుస్తున్నారు అన్న రెండు వాక్యాలకు చోటుండదు.

రోజూ జరిగేది వార్తెలా అవుతుందని విలేకరులు అడుగుతారు. బంగారం ధర రోజూ వేస్తున్నాం. శ్రీశైలం, సాగర్ నీటిమట్టాలు అడుగులతో సహా వేస్తున్నాం. అవి మారినా మారకపోయినా పాఠకుడు చూసుకుంటాడని తెలుసు. ప్యాసింజర్ ఆలస్యం అంతకన్నా తక్కువదా? ఏ బండి ఎక్కడ ఎంత ఆలస్యంగా ఉందో రైల్వే యాప్‌లోనే కనిపిస్తుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు. జిల్లా పేజీల్లో ఇవన్నీ వస్తూనే ఉన్నాయిగా అన్నది మరో జవాబు. నిజమే, వస్తున్నాయి. కానీ నెక్కొండలోనో కేసముద్రంలోనో ఒక హాల్టు ఎత్తేస్తే ఆ వార్త ఆ జిల్లా దాటదు. ఎత్తేసిన అధికారి కూర్చునేది సికింద్రాబాద్ రైల్ నిలయంలో, ఆయన టేబుల్ మీదకు వచ్చేది హైదరాబాద్ ఎడిషన్.