తొమ్మిదో తరగతిలోనే చెప్పాలి

అనంతపురం పల్లెల్లో తల్లిదండ్రులకు పిల్లల చదువు పట్టదనే మాట వట్టి అపవాదు. 2002 నుంచి తెలుగు నేల మీద సుమారు మూడు వేల మంది పిల్లల ఎదుగుదలను గమనిస్తూ వచ్చిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలో ఈ జిల్లా కూడా ఉంది. నిరుపేద ఇళ్లలోనూ పెద్ద చదువుల ఆశ బలంగా ఉందని అది చూపింది. కొరవడిందల్లా దారి చెప్పే మనిషి. పదో తరగతి పరీక్షలు రాయకముందే ప్రైవేటు కాలేజీ పీఆర్వో రంగుల కరపత్రం పట్టుకుని గడప తొక్కుతాడు. శనక్కాయ పంటకు తెచ్చిన అప్పే తీరని నాన్న, కూతురి ఎంపీసీ ఫీజుకు మళ్లీ చేయి చాస్తాడు. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో చేరొచ్చని, డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చని ఆ ఇంట్లో చెప్పినవాళ్లుండరు. 2019 నుంచి పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ ఏ కొలువుకు ఏ చదువు కావాలో చుట్టుపక్కల బడిపిల్లలకైనా తెలియాలి కదా! ప్రతి ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో తరగతి నుంచే వారానికో పీరియడ్ ఇందుకు కేటాయించాలి. ఏ కోర్సుకు ఎంత ఖర్చు, ఎన్నేళ్లు, ఆపై ఏం పని దొరుకుతుందో తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాలి. ఆ లెక్క చేతికొచ్చాక అప్పు చేయాలో వద్దో నాన్నే తేల్చుకుంటాడు.