తామర ట్యూబులో స్టెరాయిడ్ ఎందుకు?

నాట్లు మొదలయ్యాయంటే పల్లెల్లో తామర కూడా మొదలవుతుంది. పొద్దస్తమానం బురదలో వంగి, తడిసిన బట్ట ఒంటిమీదే ఆరే కూలీలకు నడుము చుట్టూ, తొడల మధ్య ఎర్రని వలయాలు లేస్తాయి. దురదతో రాత్రిళ్లు నిద్ర ఉండదు. తెల్లవారి మందుల దుకాణానికి వెళ్లి "తామరకు ఒక ట్యూబు ఇవ్వండి" అని అడుగుతారు. ఇచ్చింది రాసుకుంటే రెండు మూడు రోజుల్లో దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది. ఆ ట్యూబు భేషైనదని ఊళ్లో పేరు పడుతుంది. నెల తిరిగేసరికి అరచేతి వెడల్పున ఉన్న తామర నడుమంతా పాకుతుంది. ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఇలా ఎందుకవుతోంది?

జవాబు ఆ ట్యూబు మీద సన్నని అక్షరాల్లో ఉంది.

తామర బూజు జాతి సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు. దానికి పైపూత మందులున్నాయి. క్లోట్రిమజోల్ 1 శాతం, మైకొనజోల్ 2 శాతం, టెర్బినఫిన్ 1 శాతం క్రీములు ఇలాంటివే. కొద్దిపాటి తామరకు సాధారణంగా వీటిలో ఏదో ఒకటి చాలు. కాని దుకాణంలో చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి. ఒకటి బూజును చంపేది. ఒకటి నియోమైసిన్, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్. ఇక మూడోది బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్. అసలు చిక్కంతా దీనితోనే.

స్టెరాయిడ్ బూజును చంపదు. దురద, ఎరుపు మన ఒళ్లు ఆ బూజుతో చేసే పోరాటానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణచివేస్తుంది. రోగికి హాయిగా ఉంటుంది, లోపల బూజు మాత్రం నివురుగప్పిన నిప్పులా పాకుతుంటుంది. పైగా తొడల మధ్య, చంకల్లో చర్మం పలచన. అక్కడ వారాల తరబడి స్టెరాయిడ్ రాస్తే చర్మం మరింత పలచబడి, ఎన్నటికీ పూర్తిగా పోని చారలు పడతాయి.

క్రీము తయారీ సంగతి కొంచెం తెలిస్తే ఇందులోని అన్యాయం బోధపడుతుంది. పాలలో వెన్న నీటితో కలిసి ఉన్నట్టే క్రీములో నూనె, నీరు కలిసి ఉంటాయి. నూనె భాగానికి తెల్ల పారాఫిన్, లిక్విడ్ పారాఫిన్ వంటివి వాడతారు. నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచడానికి సెటోమాక్రోగోల్ వంటి పదార్థం వేస్తారు. రెంటినీ విడివిడిగా సుమారు 70 డిగ్రీలకు వేడిచేసి, కలిపి, చల్లారేదాకా తిప్పుతారు. నీరున్నచోట క్రిములు పెరుగుతాయి గనుక క్లోరోక్రిసాల్ వంటిది కొద్దిగా కలుపుతారు. చెమ్మగా ఉండే చోట జిడ్డు ఎక్కువైతే చెమ్మ లోపలే నిలుస్తుంది. అందుకే తొడల మధ్య తామరకు ఆయింట్‌మెంటు కంటే క్రీము నయం. ఇలా ప్రతి దినుసు వెనుకా ఒక కారణం ఉంది. కారణం లేని దినుసు వేయకూడదన్నదే మందుల తయారీలో మొదటి సూత్రం. మరి తామర క్రీములో ఘాటైన స్టెరాయిడ్‌కు కారణమేమిటి?

జబ్బేదో తేలనప్పుడు అన్నిటికీ పనికొచ్చే మందు ఉంటే మంచిదే కదా అనే వాదన ఉంది. అది చీకట్లో రాయి విసరడం. స్టెరాయిడ్ చెడ్డ మందని ఎవరూ అనరు. ఎగ్జిమా, సోరియాసిస్ వంటి వాటికి అది అక్కరకొచ్చే మందే. కాని ఏ జబ్బుకు, ఎంత ఘాటుది, ఎన్నాళ్లు అన్నది రోగిని చూసిన వైద్యుడు చెప్పాలి. ట్యూబు చెప్పలేదు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియకపోలేదు. పైపూత స్టెరాయిడ్‌లకు అప్పటిదాకా ఉన్న సడలింపును తొలగించి, 2018 మార్చిలో వాటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. అదే ఏడాది సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమ మందుల్లో ఇలాంటి కలగాపులగపు క్రీములు కొన్ని ఉన్నాయి. అయినా చీటీ అడిగే దుకాణం ఎక్కడో గాని కనిపించదు. ఈలోగా తామరే మొండికెత్తింది. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక కొత్త రకం తామర బూజుకు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులోనే మన దేశం ఉంది. దానిమీద టెర్బినఫిన్ చాలాసార్లు పనిచేయడం లేదు. ఈ పరిస్థితికి విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్ క్రీములు కూడా ఒక కారణమని చర్మవైద్యులు అంటున్నారు.

తప్పంతా రోగిదే అనడం న్యాయం కాదు. పట్నంలో డాక్టరు దగ్గరకు వెళితే ఫీజుతో పాటు ఒక రోజు కూలి పోతుంది. అందుకే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ స్టెరాయిడ్ లేని తామర క్రీము నాట్ల కాలమంతా నిల్వ ఉంచాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్ముతున్న దుకాణాలపై ఔషధ తనిఖీ అధికారులు దృష్టి సారించాలి. ట్యూబు మీద "ఇందులో స్టెరాయిడ్ ఉంది" అని తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించేలా ప్రభుత్వం కంపెనీలను ఆదేశించాలి.

అందాకా మనం చేయగలిగింది మనం చేద్దాం. ట్యూబు కొనేముందు దానిమీది పేర్లను బడికెళ్లే పిల్లల చేత చదివించండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న మాట వినిపిస్తే డాక్టరు చెప్పనిదే తీసుకోవద్దు. ఇప్పటికే అలాంటిది చాలాకాలంగా రాస్తున్నవారు వైద్యునికి చూపించుకోవాలి. మంచి మందైనా దురద తగ్గగానే ఆపకూడదు. మచ్చ పోయాక కూడా వారం, రెండు వారాలు రాయాలి. ఇంట్లో ఎంతమందికి ఉంటే అంతమందికీ ఒకేసారి వైద్యం జరగాలి. తువాళ్లు ఎవరివి వారికుండాలి, బట్టలు బాగా ఎండలో ఆరాలి.

రెండు రోజుల హాయి కోసం రెండేళ్ల బాధ కొనుక్కోవద్దు.