మాసిడోనియా మంత్రగత్తెకు పరదేశముఖములు

సంపాదకులకు,

‘యూ వోంట్ బి అలోన్’ (2022) చిత్రమున స్వీడను, పోర్చుగల్, రుమేనియా దేశముల నటీనటులుండుటచే స్లావ్ జానపదమునకు అన్యాయము జరిగినదని మీ విమర్శకులు వ్రాసిన మాటను నేనంగీకరింపజాలను. 19వ శతాబ్దపు మాసిడోనియా పల్లెలలో, మరణించినవారి రూపములను ధరించి, స్త్రీగా, శునకముగా, పురుషుడుగా, బాలికగా బ్రతుకుచు మానవజీవితమును నేర్చుకొను మంత్రగత్తె నెవెనా కథకు ఒక్క జాతి ముఖములే చాలునా? మాసిడోనియాలో జన్మించి ఆస్ట్రేలియాలో స్థిరపడిన దర్శకుడు గోరాన్ స్టోలెవ్‌స్కీ, ఆంగ్లమును ఆశ్రయింపక, చిత్రమును మాసిడోనియను భాషయందే నడిపెను. దానినే ఆస్ట్రేలియా ఆస్కారు అంతర్జాతీయ చిత్రవిభాగమునకు పంపెను. ప్రాతినిధ్యమనగా ఇది గాక మరేమి? యౌవనమున నెవెనా తొలిరూపమును ధరించిన సారా క్లిమోస్కా మాసిడోనియా నటియే యను సంగతిని మీ విమర్శకులు ప్రస్తావింపనైన లేదు.

ఒక చలనచిత్రాభిమాని,
రాజమండ్రి