బ్రాండ్ కంటికి, నెక్ చేతికి

పోయిన నెల మా టీమ్‌లో కుర్రాడొకడు ఒక ఎక్సెల్ షీటు పంపించాడు. ప్రాజెక్టు గొడవేమో అనుకుని తెరిస్తే కాదు, ఎలక్ట్రిక్ గిటార్ల జాబితా! పదకొండు గిటార్లు, పద్నాలుగు కాలమ్‌లు. ధర, పికప్పులు, బాడీకి వాడిన కర్ర, బ్రిడ్జి రకం, యూట్యూబ్ రివ్యూల్లో వచ్చిన మార్కులు, రంగు... చివర్లో వెయిటేజీలు వేసి మొత్తం స్కోరు కూడాను. కింద ఒక ముక్క రాశాడు. "అన్నా, ఒక్కటే కొంటా, జీవితాంతం ఉంచుకుంటా. ఏది కొనమంటావు?"

షీటు చూసి ముచ్చటేసింది. కొంచెం భయం కూడా వేసింది. ఎందుకంటే ఇలాంటి షీటే ఒకప్పుడు నేనూ తయారు చేశాను. దాని పుణ్యమా అని కొన్న గిటార్ రెండేళ్ళ పాటు మా హాల్లో గోడకి బొమ్మలా వేలాడింది. ఆ పద్నాలుగు కాలమ్‌లలో లేని పదిహేనోది ఒకటుంది. వాయిస్తున్నంత సేపూ ఎడమ చెయ్యి వదలకుండా పట్టుకునేది దాన్నే. అదే నెక్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకోవచ్చు. ఎలక్ట్రిక్ గిటార్ కొనేటప్పుడు ముందు నెక్ ఎంచుకోవాలి, ఆ తర్వాతే బ్రాండ్. నేను చివరికి ఫెండర్ టెలికాస్టర్ దగ్గర స్థిరపడ్డాను గానీ, అది తలకట్టు మీద పేరు చూసి కాదు.

నా మొదటి ఎలక్ట్రిక్ గిటార్ ఏ కంపెనీదో చెప్పను. తప్పు దానిది కాదు, నాది. నెక్ సన్నగా, పలకలా ఉండేది. "సన్నటి నెక్ అయితే వేళ్ళు వేగంగా పరిగెడతాయి" అని రివ్యూలన్నీ ఘోషిస్తుంటే నమ్మేశాను. ఇరవై నిమిషాలు వాయించేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలయ్యేది. బార్ కార్డ్ పట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు. పొద్దస్తమానం కీబోర్డు మీద టకటకలాడించే చెయ్యి కదా, అందువల్లేలే అనుకున్నాను. మౌస్ మార్చాను, కీబోర్డు మార్చాను, కుర్చీ ఎత్తు కూడా మార్చాను. గిటార్ మార్చాలన్న ఆలోచన మాత్రం రాలేదు. వయసు మీద పడింది, మనకిక సంగీతం అచ్చిరాదు అని తీర్మానించేసుకుని దాన్ని గోడకి తగిలించాను.

తర్వాత ఒక స్నేహితుడింట్లో మూలన ఉన్న టెలీ ఒకటి తీసి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నాను. నెక్ చూస్తే రోకలిబండలా ఉంది. 'ఇదేం వాయిస్తాంలే' అనుకుంటూనే మొదలుపెట్టాను. వాళ్ళావిడ భోజనానికి పిలిచేసరికి గంట దాటింది. చెయ్యి నొప్పి లేదు! ఆ రాత్రి ఇంటికొచ్చి గోడ మీది గిటార్ వంక చూస్తే, రెండేళ్ళు ఎవరి మీదో కోపం ఇంకెవరి మీదో చూపించినట్టు అనిపించింది.

అసలు సంగతేమిటంటే, నెక్ మరీ సన్నగా ఉంటే అరచేతికీ దానికీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి బొటనవేలు వెనకనుంచి గట్టిగా నొక్కుతుంది. మనకి తెలియకుండానే పట్టకారులా బిగించేస్తాం. కొంచెం లావుగా ఉంటే నెక్ అరచేతిలో కుదురుకుంటుంది, బొటనవేలికి పని తగ్గుతుంది. క్రికెట్ ఆడే రోజుల్లో బ్యాట్ హ్యాండిల్‌కి రెండేసి గ్రిప్పులు ఎక్కించుకునేవాళ్ళు గుర్తున్నారా? అదే లెక్క. అలాగని లావు నెక్ అందరికీ మంచిదని నేననను. చిన్న చేతులవాళ్ళకీ, బొటనవేలు నెక్ వెనక మధ్యలో ఆనించి మెరుపు వేగంతో వాయించేవాళ్ళకీ సన్నదే హాయిగా ఉండొచ్చు. నేననేది ఒక్కటే, అది తేల్చాల్సింది చెయ్యి, రివ్యూ కాదు.

కొన్ని అంకెలు చెప్తాను, మన జాతికి అంకెలుంటే గానీ నమ్మకం కుదరదు కదా. ఐబనీజ్ వాళ్ళ విజార్డ్-3 నెక్ మొదటి ఫ్రెట్ దగ్గర 19 మిల్లీమీటర్ల మందం. 1950ల మొదట్లో వచ్చిన ఫెండర్ నెక్‌లలో కొన్ని అదే చోట 25 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. కాగితం మీద తేడా ఆరు మిల్లీమీటర్లే, చేతిలో మాత్రం పెన్సిలుకీ పచ్చడిబండకీ ఉన్నంత. మందం ఒక్కటే కాదు, వెనక ఆకారం కూడా ఉంది. అడ్డంగా కోస్తే ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తుంది కాబట్టి సి, డి, యు, వి అని పిలుస్తారు. ముందువైపు ఫ్రెట్‌బోర్డు వంపు ఇంకో సంగతి. పాత ఫెండర్లలో దాని రేడియస్ 7.25 అంగుళాలు, ఇప్పటివాటిలో ఎక్కువగా 9.5, గిబ్సన్‌లో 12. అంకె చిన్నదైతే వంపు ఎక్కువ. కార్డులకి చేతికింద సుఖంగా ఉంటుంది గానీ, తీగని బాగా పైకి లాగితే స్వరం పైఫ్రెట్లకి తగిలి ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇక తీగ పొడుగు. ఫెండర్‌కి 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్ పాల్‌కి 24.75. మూడు శాతం తేడాయే కదా అనిపిస్తుంది. కానీ అదే తీగని అదే శ్రుతికి బిగించాలంటే బిగువు పొడుగు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే సుమారు ఆరు శాతం ఎక్కువ. అందుకే లెస్ పాల్ మీద తీగలు మెత్తగా తగులుతాయి. ఇవన్నీ చేతికి వెంటనే తెలుస్తాయి. మా కుర్రాడి షీటులో వీటిలో ఒక్కటీ లేదు. రంగు మాత్రం ఉంది!

"అయితే అన్నా, ఫెండర్ నెక్ బాగుంటుందంటావు" అన్నాడు వాడు. అబ్బే, అక్కడే వస్తుంది తంటా. ఫెండర్ నెక్ అనడం ఆంధ్రా భోజనం అన్నట్టే. ఏ జిల్లాది? ఫెండర్‌లోనే మోడర్న్ సి ఉంది, డీప్ సి ఉంది, వి ఉంది, యు ఉంది. అదే పేరుతో కాలిఫోర్నియాలోని కొరోనాలో చేసినవీ ఉన్నాయి, సరిహద్దు అవతల మెక్సికోలోని ఎన్సెనాడాలో చేసినవీ ఉన్నాయి. గిబ్సన్ అయితే 2019 నుంచి లెస్ పాల్ స్టాండర్డ్‌ని 50ల నెక్‌తో ఒకటి, 60ల సన్న నెక్‌తో ఒకటి, విడివిడిగా అమ్ముతోంది. అంటే కంపెనీలే ఒప్పుకుంటున్నాయి, పేరొక్కటే చాలదని. మనమే ఇంకా ఫెండరా గిబ్సనా అని కొట్టుకుంటున్నాం, విమ్ ఈమాక్స్ గొడవలాగా.

మరి నేను ఫెండర్ దగ్గరే ఎందుకు ఆగానంటే, దానికీ ఒక కారణం ఉంది. లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. ఆయన చదివింది అకౌంటింగ్, పెట్టింది కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణం, 1938లో. అందుకే ఆయన గిటార్ కూడా రిపేరువాడి కళ్ళతో చూశాడు. 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో వచ్చి 1951లో టెలికాస్టర్‌గా పేరు మారిన ఆ గిటార్‌కి నెక్ జిగురుతో అతకలేదు, నాలుగు స్క్రూలతో బిగించారు. పాడైతే విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు. లెస్ పాల్‌కి నెక్ బాడీలో జిగురుతో అతికి ఉంటుంది. కొన్ని గిటార్లలో నెక్ కర్రే బాడీ చివరిదాకా పోతుంది, మన బొబ్బిలి ఏకాండి వీణని ఒకే పనస దుంగలోంచి చెక్కినట్టు ఆ చివరినుంచి ఈ చివరికి ఒకటే కర్ర అన్నమాట. అవి గొప్పవే, వాటి నాదానికి ప్రాణం పెట్టేవాళ్ళున్నారు. కానీ రోజూ లూజ్ కప్లింగ్ అని జూనియర్లకి పాఠాలు చెప్పే నాకు, నాలుగు స్క్రూలు విప్పితే ఊడొచ్చే నెక్ చూస్తే మనసు కుదుటపడుతుంది. చెయ్యి మారినా, అలవాటు మారినా గిటార్ మొత్తం అమ్ముకోనక్కర్లేదు.

ఎరిక్ క్లాప్టన్ చేసింది అదే. 1970లో నాష్‌విల్‌లో పాత స్ట్రాటోకాస్టర్లు కొన్ని కొని, కొన్నిటిని స్నేహితులకి ఇచ్చేసి, మిగిలిన మూడింటిలోంచి నచ్చిన భాగాలు తీసి ఒక్కటి చేసుకున్నాడు. దాని పేరు బ్లాకీ. వి ఆకారం నెక్. ఏళ్ళ తరబడి దాన్నే వాయించి, 2004లో వేలానికి పెడితే 9,59,500 డాలర్లు పలికింది. ఫ్యాక్టరీ అప్పజెప్పిన గిటార్ కాదది, చేతికి నచ్చిన ముక్కలు ఏరుకుని కూర్చుకున్నది.

అంతదూరం ఎందుకు, మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ సంగతి చూడండి. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలు. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే తీగని లాగాలి, ఊపాలి, జత తీగల మీద అదెంత కష్టమో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. సంగీతం అడిగినదాన్ని బట్టి వాద్యాన్ని మార్చుకున్నారు, వాద్యం ఇచ్చినదానితో సరిపెట్టుకోలేదు. 2014లో ఆయన పోయారు గానీ, నాకు సంబంధించినంతవరకు వాద్యం ఎంచుకోవడమెలా అన్నదానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

ఇప్పుడు నా దగ్గరున్నది మెక్సికోలో చేసిన టెలీ, 50ల నమూనా యు నెక్. అలాగని అన్నీ సుఖాలే అనుకోకండి. ఏ కంపెనీదైనా సరే, నెక్ వెనక తళతళలాడే పాలిష్ ఉంటే మన వానాకాలం చెమటకి చెయ్యి అంటుకుపోతుంది. అందుకని మెత్తటి స్టీల్ ఊల్‌తో వెనకభాగం మెరుపు పోయేదాకా రుద్దేశాను. మా ఆవిడ చూసి, "అంత డబ్బు పోసి కొన్నది గిన్నెలు తోమినట్టు తోముతున్నారేంటండీ" అని నోరు నొక్కుకుంది. ఆ రోజునుంచీ చెయ్యి నెక్ మీద జారుతూ పోతోంది. అమ్మితే ధర తగ్గుతుందని తెలుసు, అమ్మే ఉద్దేశం లేదు. (మీరు చేస్తే మాత్రం ముందు పికప్పుల మీద టేపు వెయ్యండి. ఆ ఉక్కు పీచు అయస్కాంతాలకి పట్టుకుందంటే ఒక పట్టాన వదలదు.)

"మరి మన ఊళ్ళో అన్ని మోడళ్ళూ దొరకవు కదా, ఆన్‌లైన్లో కొనాలి, ఎలా పట్టుకుని చూస్తాం?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాకు తెలిసిన ఉపాయం ఇది. స్నేహితులవో, షాపులో ఉన్నవో, దొరికిన నాలుగు గిటార్లు పట్టుకోండి. బ్రాండ్ చూడకండి, కొనేవి కాకపోయినా పర్లేదు. ఒక్కోటీ కనీసం పదిహేను నిమిషాలు వాయించండి, ఎందుకంటే నొప్పి మొదటి రెండు నిమిషాల్లో రాదు. హాయిగా అనిపించినదాని మందం మొదటి ఫ్రెట్ దగ్గరా, పన్నెండో ఫ్రెట్ దగ్గరా వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. ఇంజనీరింగ్ ఫస్టియర్ తర్వాత దాన్ని ముట్టుకునే మొదటి సందర్భం ఇదే కావచ్చు. ఆకారం, రేడియస్, నట్ వెడల్పు, తీగ పొడుగు కంపెనీ సైట్లలో ఉంటాయి. మందం కొందరే ఇస్తారు, లేకపోతే అడగండి. ఆ అంకెలకి దగ్గరగా ఉన్నవాటిలోంచి మీ జేబుకి తగ్గది తీసుకోండి. పికప్పులు నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. ట్యూనర్లు మార్చుకోవచ్చు. నప్పని నెక్ మాత్రం మిమ్మల్ని వాయించనివ్వదు.

మా కుర్రాణ్ణి శనివారం షాపుకి తీసుకెళ్ళాను. కళ్ళు మూసుకోమని ఒక్కోటీ ఒళ్ళో పెట్టాను, షాపతను మమ్మల్ని వింతగా చూశాడనుకోండి. షీటులో మొదటి స్థానంలో ఉన్నదాన్ని ఐదు నిమిషాల్లో కింద పెట్టేశాడు. ఏడో స్థానంలో ఉన్న యమహా పసిఫికాని మాత్రం ఎంతకీ వదల్లేదు. కళ్ళు తెరిచి చూసి, "ఇదా!" అన్నాడు. మొహంలో కొంచెం నిరుత్సాహం కూడా కనిపించింది, ఫేస్‌బుక్‌లో ఫోటో పెడితే ఎవరూ అసూయపడరని కాబోలు. మొదటిదాని ధరలో సగం కూడా లేదది. వారం తర్వాత మెసేజ్ పెట్టాడు. "అన్నా, వేళ్ళ కొసలు మండిపోతున్నాయి. చెయ్యి మాత్రం నొప్పి లేదు."

వేళ్ళ కొసలు నెల తిరిగేసరికి గట్టిపడతాయి. ఆ నెలరోజులూ వాడు గిటార్ పట్టుకుంటాడా, గోడకి తగిలిస్తాడా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని తేల్చేది తలకట్టు మీద పేరు కాదు.